జానరావ్ గొంతుతో నీళ్లు వదలమని ఒక్కసారి చెప్పించుట గురించి

చించ్‌ధరా తాలూకా వ్యవసాయాధికారి గారి సముఖమునకు,
ధావళ్‌ఖేడ్ గ్రామ వాస్తవ్యురాలు, కీర్తిశేషులు జానరావ్ ఢోరే కుమార్తె ప్రణాలి వ్రాసుకొన్న అర్జీ.

విషయం: మరణించిన రైతు గొంతుతో తమ కార్యాలయం నుండి ప్రతివారం వస్తున్న ఫోన్ సలహా వలన మా కమలా తోట ఎండిపోతున్నందున, అదే గొంతులోని మరో పాత సలహాను వెతికించి మా నంబరుకు పంపవలసినదిగా కోరుట.

అయ్యా,

1. మా నాన్న తమ శాఖ ఎంపిక చేసిన ఆదర్శ రైతు. శాఖ వారు పంచే కరపత్రాలను మా ఊళ్లో పొగాకు పొట్లాలు కట్టడానికి వాడతారు. ప్రదర్శన క్షేత్రం చూపిద్దామని జీపులో తీసుకెళ్తే మావాళ్లు అక్కడి బోరు లోతు అడిగి, "సర్కారు నీళ్లతో ఎవడైనా పండిస్తాడు" అంటూ తిరిగొచ్చేవారు. అందుకని తమకు ముందున్న అధికారి గారు రైతు మాట రైతు చేతనే చెప్పించాలని తలచారు. నాన్న మా ఇంట్లో కూర్చుని వారానికొక సలహా ఫోనులో రికార్డు చేసేవారు. తాలూకాలోని కమలా రైతులందరికీ తెల్లవారే వేళ అది అందేది. "రాం రాం మండలీ, నేను ధావళ్‌ఖేడ్ జానరావ్‌ని" అని అందరినీ పలకరిస్తూ మొదలయ్యేది. తెగులు రాకుండా కాండానికి బోర్డో పేస్టు పూయడమూ, నీరు చెట్టు మొదలును తాకకుండా పాదు చేయడమూ మా ఊరు ఆ గొంతు దగ్గరే నేర్చుకుంది. పక్క తోట గులాబ్‌రావ్ కాకా నాతో అనేవాడు: "పొద్దున్నే తిట్టకుండా నాతో మాట్లాడేది లోకంలో మీ బాబొక్కడే పిల్లా."

2. పూత కోసం చలికాలంలో చెట్లను వాడబెట్టే పద్ధతి తమకు తెలిసినదే. నీళ్లు ఆపి, ఆకు ముడుచుకుని కొంత రాలేదాకా చెట్టును దాహంతో ఉంచి, తర్వాత మొదటి తడి పలచగా ఇస్తే పూత విరగబూస్తుంది. ఆపడం ఎవరైనా ఆపుతారు. ఎప్పుడు వదలాలో తెలియడమే కష్టం. పోయిన ఏడాది సరిగ్గా వదిలే వేళకు అకాల వర్షం పడింది. అప్పుడు నాన్న చెప్పిన సలహా ఇది: "తొందరపడకండి మండలీ. ఈ వానకు మోసపోయి నీళ్లు వదిలారంటే పూత రాదు, చిగురొస్తుంది. నేను చెప్పేదాకా మోటారు ముట్టుకోవద్దు."

ఆ వారం దాటకముందే ఆయన తోటలో కాలువ గట్టున కూలబడి ప్రాణం విడిచారు. తర్వాత చెప్పవలసిన సలహా చెప్పలేదు. ఆ ఏడు మా తోటకు చుట్టాలెవరో నీళ్లు వదిలారు. అమ్మకు అప్పుడు ఏదీ తెలిసే స్థితి లేదు.

3. ఈ ఏడు వాన లేదు. గాలి పొడిగా ఉంది. కొత్త సలహా రికార్డు చేసేవారు లేనందున తమ యంత్రం ఈ కాలానికి ఆయన పోయిన ఏడు చెప్పిన ఆ చివరి సలహానే పంపుతోంది. వారం గడిచాక మళ్లీ దాన్నే పంపుతోంది. అమ్మ పొయ్యి ముట్టించక ముందే ఫోను మోగుతుంది. "నేను చెప్పేదాకా మోటారు ముట్టుకోవద్దు" అన్న తర్వాత, ఎవరూ కత్తిరించని కారణంగా, వెనక వంటింట్లోంచి అమ్మ గొంతు కూడా వినిపిస్తుంది. "ఏమండీ, టీ చల్లారిపోతోంది." దానికి ఆయన, "వస్తున్నానే." అక్కడితో ఆగిపోతుంది.

ఆ సలహా ఈ ఏడు మొదటిసారి వచ్చిన రోజున అమ్మ రెండు కప్పుల్లో టీ పోసింది.

4. మా అమ్మ శేవంతాబాయి మోటారు గదికి తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకుంది. మా ఇంట్లో బడికి వెళ్లినది నేనొక్కదాన్నే. తమ శాఖ వారు నడిపిన రైతు బడిలోనూ కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండకు ముడుచుకున్న ఆకు మర్నాటి పొద్దుటికి విచ్చుకోకపోతే ఇక ఆగకూడదని అక్కడ నేర్పారు. మా చెట్ల ఆకులు ఇప్పుడు పొద్దున కూడా విచ్చుకోవడం లేదు. కొన్నింటికి కొమ్మల చివర్లు ఎండుతున్నాయి. ఆ మాట అమ్మకు చెబితే, "చెప్పేదాకా అన్నారుగా. మధ్యలో నువ్వెవరివే?" అంది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం మానేసింది.

గులాబ్‌రావ్ కాకాను తీసుకొచ్చాను. ఆయన గుమ్మంలోనే నిలబడి, వరసకు వదిన అయిన అమ్మతో, "వహినీ, మా చెట్లకు మొగ్గ కనిపిస్తోంది. మీరింకా ఎందుకు ఆగారు?" అన్నాడు.

"మీకు ఆయన వదలమని చెప్పారా?"

"చచ్చినవాడు నాకెట్లా చెప్తాడు వహినీ?"

"నిన్న పొద్దున మాట్లాడారుగా. మీరు ఫోనెత్తలేదా?"

కాకా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎత్తాను. ఊరంతా ఎత్తుతోంది. వింటాం, పెట్టేస్తాం. వినకుండా పెట్టేయడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రావట్లేదు."

సలహా ముగిశాక "ప్రశ్న అడగాలంటే రెండు నొక్కండి" అని తమ యంత్రం చెబుతుంది. అమ్మ రెండు నొక్కి, ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్తుంది. చాలాసేపటికి గానీ లోపలికి రాదు. ఏమి అడుగుతోందో నాకు తెలియదు. తమ వద్ద ఆ ప్రశ్నలు ఎవరైనా వింటున్నారో లేదో కూడా తెలియదు.

5. ఈ విషయమై తమ కార్యాలయానికి వచ్చి ఫోన్ సలహాలు చూసే గుమాస్తా గారిని కలిశాను. మర్యాదగానే మాట్లాడారు. "మీ నాన్నగారు జాబితాలో ఇంకా ఉన్నారమ్మా. అందుకే పోతోంది" అన్నారు.

"ఆయన పోయారు సార్."

"మరణ ధ్రువపత్రం ఇచ్చి సంతకం పెట్టు. తీసేస్తాను."

"ఈ ఒక్క సలహానేనా?"

"ఒక్కొక్కటి తీయడం కుదరదు. మనిషిని తీస్తే ఆయన చెప్పినవన్నీ పోతాయి."

కలం నా చేతికిచ్చారు. అయ్యా, నేను సంతకం పెట్టలేదు. ఆయనకు కొత్త బట్టలు కుట్టించుకునే అలవాటు లేదు, ఫొటో దిగే అలవాటు అసలే లేదు. మాకు మిగిలింది తమ యంత్రంలోనే ఉంది.

6. కావున నేను కోరేది ఇది. చనిపోవడానికి ముందటి ఏడాది చలికాలంలో నాన్న "ఇక చాలు మండలీ, చెట్టు అడుగుతోంది, నీళ్లు వదలండి, మొదటి తడి పలచగా" అని ఒక సలహా చెప్పారు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను గనుక గుర్తుంది. దాన్ని వెతికించి మా ఒక్క నంబరుకు పంపించండి. అది మోసమే అవుతుందని తెలుసు. రైతు బడిలో కళ్లతో చూసినదే నమ్మమని నేర్పారు. ఆ చదువు చదివిన నేనే అమ్మను ఇలా నమ్మించమని అడుగుతున్నాను. వేరొకరి గొంతుతో మాత్రం పంపవద్దు. ఆమె వినదు.

ఎండుతున్న ఒక తోట తరఫున, ఎదురుచూస్తున్న ఒక మనిషి తరఫున చేసుకున్న ఈ మనవిని తాము సావకాశంగా కాక సత్వరమే చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
ప్రణాలి జానరావ్ ఢోరే

తా.క. ఈ అర్జీని కవరులో పెట్టబోతుండగా ఫోను మోగింది. అమ్మ ఎప్పటిలాగే రెండు నొక్కి పెరట్లోకి వెళ్లింది. తప్పని తెలిసీ తలుపు చాటున నిలబడి విన్నాను. ఆమె నీళ్ల గురించి అడగలేదు.

"పిల్ల నాకన్నా ముందే లేచి చెట్ల చుట్టూ తిరుగుతోందండీ. తిండి కూడా సరిగా తినట్లేదు. అది చెప్పేదే నిజమని నాకూ తెలుసు, నాకు కళ్లు లేవా? మీ మాట దాటి తాళం తీయడం నా చేత కాదు. తాళం పగలగొట్టమని దానికి మీరే చెప్పండి. నా నోటితో నేననలేను."

"మీ ప్రశ్న అందింది" అంది యంత్రం.

అయ్యా, నేను గులాబ్‌రావ్ కాకా ఇంటికి సుత్తి కోసం వెళ్తున్నాను. మొదటి తడి పలచగానే ఇస్తాను. అయినా ఈ అర్జీని వెనక్కి తీసుకోవడం లేదు. నేను అడిగిన సలహా దొరికితే, ఆలస్యమైనా సరే, పంపించండి. ఇక తోటకు దానితో పని లేదు. ఆమె అడిగినదానికి మాత్రం ఆయన నుంచి ఒక జవాబు రావాలి.