చల్లటి ఇంజన్

మే 4

నడుము పట్టేసింది. నిన్న కొండ ఎక్కుతుంటే నా మోటార్‌సైకిల్ మళ్ళీ మొండికేసింది. కూరగాయల వ్యాన్ దొరికింది కాబట్టి సరిపోయింది, బండినీ నన్నూ కలిపి బస్తాల మధ్య పడేసి కిందికి తెచ్చారు. పైనున్న స్టేషన్లలో ఎంత వాన పడిందో చూడకుండానే తిరిగి వచ్చాను. కిందటి నెలా ఇదే కథ.

ఆఫీసర్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. జాలిగా చూశాడు. మేడమ్, ఆఫీసు జీపు ఇక రాదు, నెలాఖరులోగా నమ్మకమైన బండి చూసుకోండి, లేదంటే కొండ సర్క్యూట్ ఇంకొకరికి ఇచ్చేస్తాను, మీరు హాయిగా ఫ్యాను కింద టేబుల్ పని చేసుకోవచ్చు అన్నాడు. హాయిగా అట. కొండ మీద వాన కొలిచే డబ్బాలు నేను నిలబెట్టినవి. ఏ డబ్బాలో పిట్ట గూడు పెడుతుందో, ఏ గొట్టంలో ఆకు ఇరుక్కుంటుందో నాకు తెలుసు. ఒంట్లో ఓపిక తగ్గిన మాట నిజమే. అయినా ఆ పని పోతే నాకు ఇంకేం మిగలదు.

మే 6

మా ఆయనకి సైకిలన్నా భయమే. సలహాలకి మాత్రం కొదవ లేదు. కొత్తది కొనకూడదా అన్నాడు. మన తాహతుకి కొత్త హెల్మెట్ వస్తుంది అన్నాను. దూరాలు తిరగడానికి చేసిన పాత టూరింగ్ బండే దిక్కు. పెద్ద ఇంజన్, రెండు పక్కలా నా పనిముట్లు పట్టే పెట్టెలు. ఇంకొకరు వాడి వదిలేసిన బండిని నమ్మి కొండెక్కడం కొరివితో తల గోక్కోవడమే. చూసి కొనాలి.

మే 9

రెండు చూశాను. మొదటిది తళతళలాడుతోంది. ఒక్కసారి కూడా పడలేదండీ అని అమ్మేవాడు ఒట్టేశాడు. నడిపి చూస్తే ఎడమకి లాగుతోంది, ఫ్రేమ్ వంగింది. పైన పటారం, లోన లొటారం. రెండోది స్టార్టే కాలేదు. పొద్దున అయిందండీ అన్నాడు. పొద్దున అయిందేదీ నాకు అక్కర్లేదు.

మే 11, ఉదయం

ఇవాళ చూసింది ఒక లాండ్రీ ఆయన బండి. ముందు షాపు, వెనక ఇల్లు, పక్కన సన్నటి సందు. ఆ సందులో, ఇంటి కిటికీ కింద నిలబెట్టి ఉంది. చూడగానే నచ్చింది. అందుకే భయం వేసింది.

ఏ బండి దగ్గరికి వెళ్ళినా నేను ముందు ఇంజన్ మీద అరచెయ్యి పెడతాను. చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే నేను వచ్చేలోపు ఒకసారి స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. ఇంజన్ రోగమంతా చల్లగా ఉన్నప్పటి మొదటి స్టార్టులోనే బయటపడుతుంది. కొండ మీద మంచులో నాకోసం ముందుగా వేడి చేసి పెట్టే నాథుడు ఉండడు.

చెయ్యి చురుక్కుమంది. ఇదేమిటంటే ఆయన తడబడి, ఇప్పుడే అలా ఓ రౌండ్ వేసొచ్చానక్కా అన్నాడు. రేపు వస్తాను, అప్పటిదాకా ముట్టుకోకండి అన్నాను. అలాగేనక్కా అన్నాడు.

మే 12

మళ్ళీ వేడిగా ఉంది. ఒక మాట కూడా అనకుండా తిరిగి వచ్చేశాను.

మే 14

ఉండబట్టలేక మళ్ళీ వెళ్ళాను. అదే వేడి. అదే రౌండ్ కథ. ఈసారి కిందికి వంగి చూశాను. సైలెన్సర్ కాలిపోతోంది, బ్రేక్ డిస్క్ మాత్రం చల్లగా ఉంది. పైగా దాని మీద పలచగా తుప్పు. రౌండ్ వేసొచ్చిన బండి డిస్కుకి తుప్పు ఉండదు, ఒక్కసారి బ్రేక్ పడితే రాలిపోతుంది. ఈ మనిషి నా చెవిలో పువ్వు పెడుతున్నాడు.

నూనె పోసే మూత తీశాను. లోపల మీగడలాంటి తెల్లటి జిగురు. ఫోన్లో ఫొటో తీసుకుని మా మెకానిక్‌కి చూపించాను. స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి ఇంజన్ గుండె చప్పుడు వింటాడని అతన్ని అందరూ డాక్టర్ అంటారు. డాక్టర్ ఒక్క చూపు చూసి, హెడ్ గాస్కెట్, అదే ఇంజన్ లోపలి సీలు, పోయింది మేడమ్, రేడియేటర్ నీళ్ళు నూనెలో కలుస్తున్నాయి, ఆ వీధి ఛాయలకి పోకండి అన్నాడు.

నాకెందుకో మింగుడు పడలేదు. రేడియేటర్ నీళ్ళు నూనెలో కలుస్తుంటే రేడియేటర్‌లో తగ్గాలి కదా. గీత దాకా నిండుగా ఉన్నాయి.

మే 17

ఆఫీసులో పాత చార్టులు సర్దుతూ ఆలోచించాను. సైలెన్సర్ వెనక గోడ నల్లగా ఉంది. నన్ను మోసం చేయడానికి మూడు రోజులు స్టార్ట్ చేస్తే గోడకి అంత మసి పట్టదు. టైర్లు అరగలేదు, ఊరికే నిలబడి నిలబడి పగుళ్ళిచ్చాయి. చెయిన్ ఎండిపోయింది. అంటే రోజూ కాసేపు స్టార్ట్ చేసి ఆపేస్తున్నారు, బండి గడప దాటడం లేదు. అలా చేస్తే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపలి చెమ్మ ఆరదు, మూతకి మీగడ కడుతుంది. గాస్కెట్‌కి ఏ జబ్బూ లేదు. డాక్టర్‌తో పాటు నేనూ ఆ మనిషిని దొంగని చేశాను.

కానీ ఎక్కడికీ వెళ్ళని బండిని రోజూ ఎవరైనా ఎందుకు స్టార్ట్ చేస్తారు?

మే 18

మొహం మీదే అడిగేశాను. ఆయన చేతిలోని ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి లోపలికి రమ్మన్నాడు.

కిటికీ పక్క మంచం మీద ఆయన తమ్ముడు. కళ్ళు పైకప్పు మీద. బండి ఇతనిదే. ఎలక్ట్రీషియన్. పనిలో నిచ్చెన మీంచి పడ్డాడు. అప్పటినుంచి మాట లేదు, మనుషుల్ని పోల్చుకోడు. సెలవు దొరికితే చాలు వీడు ఈ బండేసుకుని ఊళ్ళు పట్టి పోయేవాడక్కా అన్నాడు. మంచాన పడ్డ కొత్తలో ఒకరోజు ఊరికే స్టార్ట్ చేస్తే వీడి మొహంలో ఏదో కదిలినట్టు అనిపించిందట. అప్పటినుంచి రోజూ పొద్దున చేస్తున్నాడు. మంచాన పడ్డవాడి బండంటే దీని మీంచే పడ్డాడనుకుని ఎవరూ కొనరని ఆ మాట దాచాడు.

ఇన్నాళ్ళూ ఉంచుకుని ఇప్పుడెందుకు అమ్ముతున్నారు అన్నాను. నమ్మకం పోయిందక్కా అన్నాడు. బయట స్టార్ట్ చేసి ఆయన లోపలికి పరిగెత్తుకొచ్చేసరికి ఏమీ ఉండదట. తన భార్యని చూడమంటే, ఏమీ లేదు, అంతా మీ భ్రమ అందట. ఆవిడనీ తప్పు పట్టలేను, ఆ పొగంతా ఆవిడే పీల్చాలి. ఆసుపత్రి డాక్టర్లు కూడా ఆశలు పెట్టుకోవద్దన్నారట. నాకు చేతకావడం లేదక్కా, దీన్ని పంపించేస్తే నేనూ ఆపేస్తాను అన్నాడు.

బండి మాత్రం బాగుందని తెలిసిపోయింది.

మే 19

బండి ఎలా ఉందని మా ఆయన అడిగాడు. బాగుందన్నాను. మరి ఆ ఏడుపు మొహం ఏమిటన్నాడు.

మే 20

జాలి జాలే, బేరం బేరమే. చల్లటి స్టార్ట్ చూడనిదే కొనను అన్నాను. ఒక్క పొద్దుట మానేయండి, నేనే వచ్చి స్టార్ట్ చేస్తాను. ఆయన కిటికీ వైపు చూశాడు. తర్వాత, సరేనక్కా, మీరు బయట స్టార్ట్ చేస్తుంటే నేను లోపల వాడి పక్కన కూర్చుంటాను, ఈ ఒక్కసారి నా కళ్ళతో చూస్తాను అన్నాడు.

మే 22, ఉదయం

చెయ్యి పెట్టాను. ఇంజన్ చల్లగా ఉంది, ట్యాంకు మీద మంచు చెమ్మ. లోపలినుంచి లాండ్రీ ఆయన ఊ అన్నాడు. బటన్ నొక్కాను. ఒక్క నొక్కుకే అందుకుంది. తడబాటు లేదు, నల్లపొగ లేదు, చేతిని హ్యాండిల్ మీద పెడితే అదురు సమంగా ఉంది. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రమైన స్టార్ట్ నేను వినలేదు. అక్కడే నిలబడి పై స్టేషన్ దాకా మనసులో వెళ్ళి వచ్చేశాను.

ఆయన ఎంతకీ రాడు. ఆపేసి పిలిచాను. వచ్చాడు. మొహం తడిసిపోయి ఉంది. తల తిప్పాడక్కా, కిటికీ వైపు తిప్పాడు, మీరు ఆపగానే మళ్ళీ యథాస్థానం అన్నాడు. తర్వాత నేల చూపులు చూస్తూ, బండి అమ్మలేనక్కా, నన్ను తిట్టండి అన్నాడు.

ఒళ్ళు మండింది. తిట్టాను కూడా. మీ తమ్ముడికి కావాల్సింది శబ్దం, నాకు కావాల్సింది బండి, ఫోన్లో రికార్డ్ చేసి వినిపించుకోండి అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. అదీ చేశామక్కా, ఫోన్‌కి మంచం అదరదు కదా అన్నాడు.

వస్తూ వస్తూ, వారానికోసారైనా బయటికి తీసి దూరం తిప్పండి, లేకపోతే ఇంజన్ పాడైపోతుంది అని చెప్పాను. తల ఊపాడు. ఇంటికి నడిచే వచ్చాను.

మే 23

ఆ పరీక్ష పెట్టకపోతే ఈపాటికి బండి నాది. పెట్టకుండా కొనేదాన్నీ కాదు.

మే 28

ఇంకో రెండు చూశాను. చెత్త. ఓపిక లేదు.

జూన్ 2, పదకొండు గంటలు

టేబుల్ పని. కొండ మీద ఎంత వాన పడిందో ఫోన్లో ఎవరో చెబుతున్నారు, నేను రాసుకుంటున్నాను. ఇక్కడ ఎండగా ఉంది.