బెల్టు

రుసైల్, ఒమన్. శుక్రవారం.

తమ్ముడు నరేశ్ ఫోన్ ఇంకా కలవడం లేదు. సలాలా దారిలో ఎడారి మధ్య సిగ్నల్ ఉండదు, తెలుసు.

మధ్యాహ్నం రూమ్‌లో నేనూ వాడూ ఆ మెక్సికో ఫెదర్‌వెయిట్ బాక్సింగ్ చాంపియన్ పాత ఫైట్ చూశాం. ఊళ్లో ఆయన్ని చూసే మేం గ్లవ్స్ తొడిగాం.

"ఈయన బెల్టు ఎవ్వలు గుంజుకున్నరే అన్నా?"

"ఎవ్వలూ గుంజుకోలే. ఇరవై మూడేండ్లకే కారు పోయి లారీకి గుద్దుకున్నది. సచ్చేనాటికీ బెల్టు ఆయనదే."

నరేశ్ డ్యూటీకి లేచాడు. ట్రైలర్ తోలేవాడికి, బండెక్కే ముందు ఆ మాట ఎందుకు చెప్పానో.

"బెల్టు పెట్టుకోరా" అని కింద నిలబడి అరిచాను. వాడు క్యాబిన్‌లోంచి, నడుముకు చాంపియన్ బెల్టు కట్టుకున్నట్టు చేతులు తిప్పి చూపించాడు.

ఇద్దరం నవ్వాం. సీటు బెల్టు లాగాడో లేదో నేను చూడలేదు.