మా అవ్వ కంటె నాది

చర్ల,
ఆదివారం ఉదయం.

చిరంజీవి వాసుదేవరావుకు,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ నేను, అమ్మాయి సుధ క్షేమంగా ఉన్నాము. వేంసూరులో నీవు, సరోజ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అక్కయ్య మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఫోనులో అడిగితే "బాగానే ఉన్నది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. నీవైనా వివరంగా వ్రాయి. ఫోనులో చెప్పలేని మాట ఒకటి నాకూ ఉండి, ఈ ఉత్తరం మొదలుపెట్టాను. దీర్ఘాలు, వత్తులు రెండుసార్లు సరిచూసుకొన్నాను, నిశ్చింతగా చదువుకో.

సుధకు ఇక్కడి దవాఖానాకు నర్సుగా బదిలీ కావడం, ఆమె వెంట నేను రావడం జరిగి ఆరు నెలలు నిండాయి. చలి గట్టిగా ఉంది. తొమ్మిదైనా మంచు విడవదు. తిండికి లోటు లేదు. పక్కింటివాళ్ళు వెదురు చిగుళ్ళ కూర ఇస్తే మొదట ముక్కు ముడిచాను, ఇప్పుడు అడిగి తింటున్నాను. నా గురించి బెంగ వద్దు. అయితే, మొదటి రెండు నెలలు ఒంటరితనం నిజంగానే బాధించింది. ముప్పైనాలుగేళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన నోటికి పగలంతా పలకరించే మనిషి లేకపోయాడు. దుకాణం బోర్డు మీద "కిరణా" అని ఉంటే, "ర"కు దీర్ఘం పెట్టమని చెప్పి ఆ షావుకారుతో మాట పడ్డాను కూడా.

నా అవస్థ చూసి సుధే ఒక దారి చూపింది. పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా వ్రాయదలచిన ఆడవాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు. వాళ్ళకు రోజూ సాయంత్రం మహిళా సంఘం గదిలో తెలుగు చెబుతున్నాను. పోడు చేలల్లో పని ముగించుకొని, మూడు నాలుగు కిలోమీటర్లు నడిచి వస్తారు. ఇళ్ళలో వాళ్ళు మాట్లాడేది కోయభాష. అయినా నాలుగు నెలల్లో సంధులు విడదీస్తున్నారు, సమాసాలకు పేర్లు చెబుతున్నారు. నాకెంత గర్వంగా ఉందో దాచుకోను.

వారిలో భద్రమ్మ అనే ఆమె అంగన్‌వాడీలో ఆయా. పది పాసైతే టీచరు కావచ్చునని పట్టుదల. పోయిన మంగళవారం విభక్తులు చెప్పాను. "వలన, కంటె, పట్టి" పంచమీ విభక్తి అని, ఇద్దరిని పోల్చేటప్పుడు "కంటె" వాడతామని వివరించి, ఆ మాటతో తలా ఒక వాక్యం వ్రాయమన్నాను. భద్రమ్మ ఇలా వ్రాసింది: "మా అవ్వ కంటె నాది."

ఎర్రకలం తీసి గీత పెట్టాను. "ఇది అసంపూర్ణ వాక్యం భద్రమ్మా. మీ అవ్వకంటె నీది ఏమిటి? పెద్దదా? చిన్నదా?"

"పెద్దది లేదు, చిన్నది లేదు సార్. మా అవ్వ కంటె నాది. గంతే."

"గంతే అంటే కుదరదు. ఏదో ఒకదానిలో ఎక్కువో తక్కువో ఉండాలి కదా?"

"ఎందుకుండాలె?" అని కొంగు పక్కకు జరిపి మెడ చూపించింది. మెడను చుట్టి, వంపు తిరిగిన వెండి కంటె. "గిది సార్. మా నాయినను కన్న అవ్వది. సచ్చిపోయేముందు నాకిచ్చింది. అవ్వ కంటె, నాది."

గది గొల్లుమన్నది. వెనక కూర్చున్న నాగమ్మ అందుకొన్నది: "ఏందే, సారుకు కంటె తెల్వదా! అమ్మగారికి ఎన్నడు చేపియ్యలేదేమో!"

"నిజమేనమ్మా, చేయించలేదు" అన్నాను. అందరితో పాటు నేనూ నవ్వాను.

చూశావా, వాసూ! అది క్రియారహిత వాక్యం. క్రియ లేకుండానే సంపూర్ణం. పైగా ఆమె "అవ్వ"కు, "కంటె"కు మధ్య ఎడం చక్కగా విడిచింది. ఆ ఎడాన్ని మనస్సులో మూసేసి, విభక్తిగా చదివినవాణ్ణి నేను. గీత కొట్టివేసి, పూర్తి మార్కులు వేసి, పక్కన సంతకం చేశాను. నా దిద్దుబాటును నేనే దిద్దుకోవడం ఇదే మొదటిసారి, దానికీ గర్వపడుతున్నాను.

ఇంటికి నడుస్తుంటే నీవు గుర్తుకు వచ్చావు. "నా తమ్ముడు ఉత్తమ ఉపాధ్యాయుడు." ఇదీ క్రియ లేని వాక్యమే, ఇదీ సంపూర్ణమే. దీనికి "నాకంటె" అని చేర్చి చదువుకొన్నది నేను. నీ సన్మానం నాడు జ్వరమని కబురు చేశాను కదా. జ్వరం లేదు. మూడుసార్లు దరఖాస్తు చేసినా నాకు రాని పురస్కారం, నా దగ్గర ఓనమాలు దిద్దిన నీకు తొలిసారికే వచ్చిందని ఓర్వలేకపోయాను. ఆహ్వానపత్రికలో "ఉపాద్యాయ" అని వత్తు లేకుండా అచ్చయితే, ఎర్రసిరాతో సున్న చుట్టి ఆ పూటకు తృప్తిపడ్డాను. ఆ రోజు ఖమ్మంలో ముందు వరుసలో నాకొక కుర్చీ ఉంచి, సభ ముగిసేదాకా ఎవరినీ కూర్చోనివ్వలేదట నీవు. సరోజ సుధతో చెప్పింది. క్షమించు తమ్ముడూ.

ఈ గుణం ఒక్క రోజులో పోతుందని చెప్పను. నిన్ననే పాత సహోద్యోగి ఒకాయన తన కొత్త ఇంటి ఫొటో పంపితే, కాసేపు నా కిరాయి ఇంటి గోడలు చూస్తూ కూర్చున్నాను. తరువాత బాగుందని జవాబిచ్చాను. బాగానే ఉంది మరి.

మొన్న తరగతిలో, సొంతవారి గురించి ఒక వాక్యం వ్రాయమని, ముందుగా బోర్డు మీద నీ గురించిన ఆ వాక్యమే వ్రాశాను.

"నిజంగనా సార్? సన్మానం గిట్ట చేసిండ్రా?" అని భద్రమ్మ అడిగింది.

"చేశారు. శాలువా కప్పారు."

"మీరు పోయిండ్రా?"

"పోలేదు."

"అయ్యో, ఎందుకు పోలే?"

చాక్‌పీసు కింద పెట్టి, "ఓర్వలేక" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాగమ్మే అన్నది: "అయితే గిప్పుడు పోండి సార్. బస్సేమన్న బందయిందా?"

కనుక వచ్చే శనివారం ఉదయం బస్సెక్కి, భద్రాచలంలోను, సత్తుపల్లిలోను మారి, సాయంత్రానికి వేంసూరు చేరుతాను. అక్కయ్యకు నా నమస్కారాలు చెప్పు. వచ్చి పాదాలంటి దీవెన తీసుకొంటానని కూడా చెప్పు. సరోజకు, పిల్లలకు ఆశీస్సులు. నాకు వంటల హడావుడి ఏమీ వద్దు. ఆ శాలువా బీరువాలో ఉంటే తీసి ఉంచు, చాలు. నా చేత్తో ఒకసారి నీకు కప్పాలి. నీవు పొడగరివి, అయినా నా కోసం వంగవద్దు. నిటారుగా నిలబడు, నేనే మునివేళ్ళ మీద లేస్తాను.

నీ మేలు కోరే అన్నయ్య,
పురుషోత్తం