సబ్బు అచ్చుతో చుక్కాని బందు

అక్కా, నేను కులాసా, కంగారుపడకు. మా పడవ రాయికి కొట్టుకుని చుక్కానిని పడవకు పట్టి ఉంచే కింది బందు విరిగి నీళ్లపాలైంది. పై బందూ అలాంటిదే గానీ ఊడి రాదు. నువ్వు పంపిన సబ్బును తడిపి దాని మీద గట్టిగా నొక్కి, ఆ అచ్చును వెల్డింగ్ బాబాయికిచ్చాను. "పడవక్కూడా స్నానం చేయించావట్రా?" అని నవ్వాడు గానీ, స్టెయిన్‌లెస్ స్టీలుతో అతికినట్టు సరిపోయేది చేసిచ్చాడు. సబ్బు మీద నా మేనకోడలు గోటితో గీసిన గీతను కూడా బందులో భాగమనుకుని దింపేశాడు! అరగదీస్తానంటే నేనే వద్దన్నాను. ఆయన పుణ్యమా అని మళ్లీ వేటకెళ్తున్నాం. బావ దగ్గు తగ్గిందా? ఇంకో సబ్బు పంపు, పడవలో నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. పంపేముందు దాని మీదా పిల్లచేత ఓ గీత గీయించు.

నీ తమ్ముడు