నువ్వు రాసిచ్చిన సిఫారసు

అమ్మాయీ,

కోప్పడకుండా చదువు. అమెరికా బిజినెస్ స్కూలుకి నా పేరుతో పంపమని నువ్వు రాసిచ్చిన సిఫారసు పంపలేదు. అందులో ఉన్నది నువ్వు కాదే తల్లీ, ఎవరో పెద్ద కంపెనీ దొరసాని. గడువు ఇవాళేగా, నేనే సొంతంగా రాసి పంపేశాను. సీటు రాకపోతే నన్ను తిట్టు.

మన రంగుల కొట్లో పనిచేసేటప్పుడు ఒకాయనకి, "గోడ చెమ్మగా ఉందండీ, ముందు పైపు బాగుచేయించుకోండి, రంగు తర్వాత కొందురుగాని" అని చెప్పి పంపేశావు చూడు, అదే రాశాను. వచ్చిన బేరం పోగొట్టావని నిన్ను నేను తిట్టిందీ, నెల తిరక్కుండానే ఆయన వాళ్ళ వీధినంతా వెంటబెట్టుకొచ్చిందీ కూడా రాశాను.

ఆ స్కూలువాళ్ళ ఫారం చివర్లో, ఈమెకి మళ్ళీ ఉద్యోగం ఇస్తారా అని అడిగారు. ఇవ్వనన్నాను. ఈసారి తనే నాకివ్వాలని కింద రాశాను.

మీ మావయ్య