వెనక్కి పిలిచిన కుర్చీలు

ప్రియమైన మరదలికి,

నా దస్తూరీ చూడగానే "వదినకి నాతో ఏదో పని పడింది" అనుకుని ఉంటావు. సరిగ్గానే అనుకున్నావు. పని పడితే తప్ప పలకరించనని మీ అన్నయ్య కూడా దెప్పుతూ ఉంటాడు.

నువ్వు మా షెడ్డు చూసి మూడేళ్లవుతోంది. అప్పట్లో అది మీ అన్నయ్య సైకిలు షాపు వెనక ఒక మూల. నేను ఆసుపత్రిలో నర్సుగా ఉన్నన్నాళ్లూ ఒకటే చూశాను. ఆపరేషన్ బాగానే జరుగుతుంది, మనిషి ఇంటికి వెళ్తాడు, కుర్చీ లేక నెలల తరబడి మంచానికి అతుక్కుపోతాడు. అందుకే రిటైరయ్యాక పాత చక్రాల కుర్చీలు అడిగి తెచ్చాను. ఆయన బాగుచేశాడు, అవసరమైనవాళ్లకి ఊరికే ఇచ్చాం. పని తీరాక తిరిగి ఇచ్చేస్తారు. ఇప్పుడు సంఘంగా రిజిస్టరు కూడా చేయించాం. వీధిలో ఎవరి కాలు విరిగినా ముందు డాక్టరు, తరవాత మేమే.

కుర్చీలు చాలడం లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, అందుకని అడుగుతున్నాను. నువ్వు పనిచేసే ఫౌండేషన్ మాకు యాభై కొత్త కుర్చీలు ఇప్పించాలి. ప్రతి కుర్చీ వెనకా దాన్ని నడిపే మీ పెద్దావిడ పేరు ఎర్ర రంగుతో రాయిస్తాం. నువ్వు ఆవిడ చెవిన ఒక్క మాట వేస్తే చాలు.

మీ అన్నయ్య కులాసా. పనిలో తలమునకలుగా ఉన్నాడు, లేకపోతే తనే రాసేవాడు.

ఆశలన్నీ నీ మీదే పెట్టుకున్న
వదిన

*

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి పెద్దగా నవ్వేశాను. ఫౌండేషన్ అంటే నువ్వు అద్దాల మేడ ఊహించుకున్నట్టున్నావు. మూతపడ్డ బొత్తాల దుకాణం మీద రెండు గదులు, అంతే. నా బల్ల సొరుగు లాగితే ఇప్పటికీ బొత్తాలు గలగలమంటాయి. ఆ బొత్తాల వ్యాపారం చేసినాయన పోయాక ఆయన భార్య, అంటే మా పెద్దావిడ, ఆవిడ మేనల్లుడు ప్లీడరు, వీళ్లిద్దరే ట్రస్టీలు. ఉద్యోగిని నేనొక్కదాన్ని. ఊడ్చేదీ నేనే, ఉత్తరాలు విప్పేదీ నేనే.

చెవిన మాట వేయడం కుదరదు వదినా. నీ కాగితం వచ్చిన రోజునే "ఈవిడ మా వదిన" అని చెప్పేస్తాను. దాని గురించి మాట్లాడుకునేటప్పుడు గదిలోంచి బయటికి వెళ్లిపోతాను. ఈ విషయం ఫోన్లో కూడా వద్దు. నేను నీకు రాసే ప్రతి ఉత్తరం ప్లీడరుకి చూపించే పోస్టు చేస్తాను. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు.

ఇక మమ్మల్ని అడిగిన వాళ్లందరికీ మేం చెప్పే మాటలు నీకూ చెబుతాను, ఇందులో దాపరికం ఏమీ లేదు. మాకు ఒక్క కాగితం చాలు. మీరెవరు, ఏం చేస్తున్నారు, ఏది లేక పని ఆగిపోతోంది, అది దొరికితే ఎవరి బతుకు మారుతుంది, ఇంతే రాయి. కొందరు రిబ్బన్లు కత్తిరిస్తున్న ఫోటోలతో బండెడు కాగితాలు పంపుతారు. అవి చదవలేక పెద్దావిడ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేస్తుంది. మావి చిన్న చేతులు. మేం ఇదివరకు ఎవరికి ఇచ్చామో ఒకసారి కనుక్కుని, మాకు తూగేదే అడగాలి. పేరు రాయిస్తామని మాత్రం అనకు. "చొక్కా బొత్తాం మీద బొత్తాలవాడి పేరు ఉంటుందా?" అంటుంది ఆవిడ. అన్నిటికన్నా ముఖ్యం, మాకు నచ్చుతుందనుకున్నది కాదు, మీకు కావలసింది అడుగు.

ఒక సందేహం. ఇది ప్లీడరు తప్పకుండా అడుగుతాడు. మీ షెడ్డు వెనక విరిగిన కుర్చీలు గుట్టగా ఉంటాయి కదా. బాగుచేయడంలో అన్నయ్యని మించినవాడు లేడు. మరి కొత్తవెందుకు?

అన్నయ్య ఒక్క ముక్క రాస్తే ఆయన సొమ్మేం పోతుంది? నేను అలిగానని చెప్పు.

ఎప్పటికీ నీ పక్షమే, గదిలో తప్ప,
నీ మరదలు

*

ప్రియమైన ఆఫీసరు మరదలు గారికి,

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది నీ వరస. బయటివాళ్లయితే నయం, కనీసం గదిలో కూర్చునేవాళ్లు. నీ ఉత్తరాలు ప్లీడరు గారు చదువుతారు కదా, ఆయనకి నా నమస్కారాలు చెప్పు. మా మరదలికి జీతం కొంచెం పెంచమని కూడా చెప్పు, మరీ ఇంత నిజాయితీ తక్కువ జీతానికి దొరకదు.

సరే, నువ్వు చెప్పినట్టే ఒక్క కాగితం రాశాను. రాయడానికి మూడు రోజులు పట్టింది, ఎందుకంటే రాసినదానికన్నా కొట్టేసిందే ఎక్కువ. ఎర్ర రంగు తీసేశాను. కుర్చీలు మాత్రం కొత్తవే అడిగాను. పాతవి పాతవే. విరిగినవి ఎందుకు బాగుచేయరన్న ప్రశ్న నువ్వు మళ్లీ అడక్కు, నేను జవాబు చెప్పను.

అసలు సంగతి వినవే. పెద్దావిడే స్వయంగా మా షెడ్డు చూడటానికి వస్తోందట! వచ్చే వారమే. ఒక్కతే, ఎవరినీ వెంట తేదట. ఇంత దూరం వచ్చి ఖాళీ షెడ్డు చూస్తే "వీళ్లు చేసే పనేమిటి?" అనుకోదూ? అందుకని ఒక ఉపాయం చేశాను. కుర్చీలు తీసుకున్నవాళ్లందరికీ కబురు పెట్టాను, ఆ ఒక్క పూటకి కుర్చీ తెచ్చి షెడ్డులో పెట్టమని. కొందరు సణిగారు, నేను బతిమాలాను. అన్నీ తుడిచి, చక్రాలకి నూనె వేసి, గోడ పొడుగునా వరసగా పెడతాం. షెడ్డు కళకళలాడిపోవాలి. ఎలా ఉంది మీ వదిన బుర్ర?

మీ అన్నయ్యకి రాసే తీరిక లేదు. అలగమన్నాడు.

వదిన

*

వదినా,

ప్రియమైన అని రాసేంత వ్యవధి లేదు, ఫోన్ వద్దన్నది నేనే కదా. దయచేసి కుర్చీలు వెనక్కి పిలవకు. ఇప్పటికే పిలిచి ఉంటే వద్దని మళ్లీ కబురు పెట్టు.

ఇది నీకోసం చెబుతున్న రహస్యం కాదు, ఏ సంఘానికైనా ఇదే చెబుతాను. చూడటానికి వచ్చేది పని ఎలా జరుగుతోందో చూడటానికి, సామాను లెక్కపెట్టడానికి కాదు. షెడ్డులో కూర్చున్న కుర్చీ ఎవరికి పనికొచ్చినట్టు? మామూలు రోజు ఎలా ఉంటుందో అలాగే ఉండనివ్వండి. గందరగోళంగా ఉంటే గందరగోళమే చూపించండి.

ప్లీడరు ఇది చదివి "పరుగెత్తి పోస్టు చెయ్యి" అన్నాడు. పరుగెడుతున్నాను.

మరదలు

*

ప్రియమైన మరదలా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. పెద్దావిడ నిన్న పొద్దున్నే వచ్చి వెళ్లిపోయింది.

చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, అయినా నీకు కాక ఎవరికి చెప్పుకోను? ఆవిడ బస్సు దిగి నడిచే వచ్చింది. భుజాన గుడ్డ సంచి, కాళ్లకి మెత్తటి బూట్లు. నేను గుమ్మంలోనే మొదలుపెట్టాను, ఇవి ఇన్ని, అవి అన్ని అని. ఆవిడ వరస ఆ చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, చాలా మెల్లగా అడిగింది.

"కుర్చీలన్నీ ఇక్కడే ఉన్నాయే. మరి కూర్చునేవాళ్లేరమ్మా?"



నా అదృష్టమో, గ్రహచారమో, సరిగ్గా అప్పుడే వీధిలో కేకలు. కూరగాయల తోపుడు బండి మీద మన రేడియో వస్తున్నాడు. నీకు తెలీదు కదూ, అతను రేడియో మెకానిక్. రెండు కాళ్లూ పడిపోయాయి, రేడియోలు బాగుచేయించుకునేవాళ్లూ పోయారు. నోరు మాత్రం ఆగదు, అందుకే అందరూ రేడియో అంటారు. బండి దిగకుండానే అందుకున్నాడు. "ఏం పిన్నీ, ఒక్క పూట అన్నావు, పూటంటే ఎంతసేపు? నేను బాత్రూముకి వెళ్లొద్దా? ఎవరో పెద్దావిడ చూడటానికొస్తోందని నన్ను మంచం మీద కట్టేస్తావా? ఆ పెద్దావిడ ఎవరో రానీ, నేనే అడుగుతాను!"

పెద్దావిడ "నేనే బాబూ" అంది.

రేడియో ఆగిపోవడం నా జన్మలో అదే చూడటం.

తరవాత ఒకరి వెనక ఒకరు. కట్టు కట్టిన కాలితో దర్జీ పని చేసే అమ్మాయి తల్లి భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. లెక్కల మాస్టారి కోసం ఆయన భార్య వచ్చింది, "ఆయన కిటికీ దగ్గరికి వెళ్లాలని గొడవ చేస్తున్నారు" అని. చూస్తుండగానే షెడ్డు ఖాళీ అయిపోయింది. నా కళకళ అంతా వీధిలోకి వెళ్లిపోయింది. బూడిదలో పోసిన పన్నీరయింది నా ఉపాయం.

ఇప్పుడు రాసేది చదివే ముందు కూర్చో. నూనె వేసేటప్పుడు రేడియో కుర్చీ బ్రేకు వదులైంది. అంతకుముందు, రేడియో ఎక్కబోతుంటే మీ అన్నయ్య దాన్ని బిగించబోయాడు. స్క్రూ కింద పడింది. మళ్లీ తీశాడు, మళ్లీ పడింది. రేడియో "ఇటియ్యి బాబాయ్" అని స్క్రూడ్రైవరు లాక్కుని తనే బిగించుకున్నాడు. పెద్దావిడ కింద పడ్డ ఇంకో స్క్రూ ఏరి మీ అన్నయ్య అరచేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా పట్టుకుంది. అది వణుకుతూనే ఉంది.

"ఎన్నాళ్లనుంచి?" అంది.

"రెండేళ్లండీ" అన్నాడు.

అవును మరదలా, రెండేళ్లు. మందులు వాడుతున్నాం. ప్రాణానికేమీ భయం లేదు, చేతులు మాత్రం మాట వినవు. నీకు చెబితే ఊరుకోనన్నాడు. "చిన్నప్పటినుంచి దాని సైకిలు నేనే బాగుచేశాను, దాని దృష్టిలో నేను అలాగే ఉండాలి" అన్నాడు. ఉత్తరాలు రాయనిది అందుకే. వెనక గుట్ట పెరుగుతున్నదీ అందుకే. కొత్త కుర్చీలు అడిగింది, కొత్తవి కొన్నాళ్లపాటు విరగవు కదా అని.

పెద్దావిడ నన్ను అడిగింది, "మీకు నిజంగా కావలసిందేమిటమ్మా?" అప్పుడిక దాచలేకపోయాను. "ఆయన చేతుల్లో ఉన్న పని ఇంకొకరి చేతుల్లోకి వెళ్లాలండీ. నేర్చుకునే మనిషికి జీతం ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు" అన్నాను. ఆవిడ తల ఊపి, బస్సుకి వేళయిందని వెళ్లిపోయింది. ఇక మన పని అయిపోయినట్టే. షెడ్డు మూసేయాలేమోనని మీ అన్నయ్య పొద్దుటినుంచి పనిముట్లు పెట్టెలో సర్దుతున్నాడు.

నన్ను తిట్టాలనుంటే తిట్టు.
వదిన

*

ప్రియమైన వదినకి,

తిడదామనే కూర్చున్నాను. ఏడుపొచ్చింది. రెండేళ్లు! నేను ప్రతి ఉత్తరంలో "అన్నయ్య రాయడేం" అని దెప్పుతుంటే నీకెలా ఉండేదో అని తలుచుకుంటేనే నా మీద నాకే కోపంగా ఉంది. మీ ఇద్దరిదీ తప్పే. అయినా ప్రేమే. ఏం చేస్తాం.

ఇక ఆఫీసు సంగతి. నిన్న ట్రస్టీలు కూర్చున్నారు. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. కొత్త కుర్చీలకి లేదన్నారు. ఆ ఉత్తరం నీకు విడిగా వస్తుంది, దాంట్లో రెండే వాక్యాలుంటాయి, చూసి గుండె జారిపోకు.

కాదన్న వాళ్లందరికీ మేం చెప్పే మాట, ప్లీడరు పక్కనుండి రాయిస్తున్నాడు, విను. కాదన్నది అడిగినదాన్ని, అడిగినవాళ్లని కాదు. పెద్దావిడ షెడ్డులో విన్న సంగతి మీ కాగితం మీద లేదు. కాగితం మీద లేనిదానికి ఇచ్చే అధికారం ట్రస్టీలకి లేదు. వానాకాలం వెళ్లాక మళ్లీ కూర్చుంటారు. కావాలంటే మళ్లీ రాయొచ్చు. ఇస్తారని నేను చెప్పడం లేదు. రాయొచ్చని మాత్రం చెబుతున్నాను.

అన్నయ్యకి నాకు తెలిసిపోయిందని చెప్పు. నా సైకిలు ఇంకా ఆయనే బాగుచేయాలని కూడా చెప్పు.

మరదలు

*

ప్రియమైన వదినకి,

వానలు తగ్గాయి. మొన్న పోస్టులో ఒక కవరు వచ్చింది. విప్పితే ఒక్కటే కాగితం. అక్షరాలు గీతల మీద నిలబడలేక కిందికి జారుతున్నాయి. ఎవరో చిన్నపిల్లలు రాశారనుకున్నాను. చదివాను.

"అయ్యా, అమ్మా, నేను కుర్చీలు బాగుచేసే మెకానిక్కుని. నా చేతులు వణుకుతున్నాయి, ఈ కాగితమే సాక్ష్యం. పని నాకు వచ్చు, చేతులకి రావడం లేదు. మా దగ్గర కుర్చీ తీసుకున్న ఒక రేడియో మెకానిక్కు ఉన్నాడు. అతని చేతులు మంచివి. నేను చెబితే అతను చేస్తాడు. నేర్చుకునేదాకా అతనికి జీతం కావాలి. వెనకున్న విరిగిన కుర్చీలన్నీ మళ్లీ తిరుగుతాయి. కొత్తవి వద్దు."

సంతకం అన్నయ్యది. నీకైనా తెలుసా వదినా, ఆయన ఇది పంపినట్టు? చిన్నప్పుడు నా పుస్తకాల మీద పేరు ఆయనే రాసేవాడు, ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ కాగితం నేనే తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. "ఇది రాసినాయన మా అన్నయ్య" అని చెప్పాను.  బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

కాసేపటికి ప్లీడరు తలుపు తీసి, "రామ్మా లోపలికి, అయిపోయింది" అన్నాడు.

ఇస్తున్నారు వదినా! రేడియోకి మూడేళ్ల జీతం, విడిభాగాల ఖర్చు. పెద్దావిడ ఒకే ఒక్క షరతు పెట్టింది, ఇంకెప్పుడూ కుర్చీలు వెనక్కి పిలవకూడదని. "నిండుగా చేసి చూపించినవాళ్లని చాలామందిని చూశాను. నా కళ్ల ముందే ఖాళీ అయిన షెడ్డు ఇదొక్కటే. మళ్లీ వెళ్తాను, అప్పుడు కూడా ఖాళీగానే ఉండాలి" అంది. నీ ఉపాయం ఫలించింది, నువ్వనుకున్న వైపు కాదు కాని.

ఇకనుంచి అన్నయ్య నాకు రాయాలి. అక్షరాలు జారితే జారనీ, నేను పట్టుకుంటాను.

ఈసారి గదిలోకి వచ్చి సంతోషించిన
నీ మరదలు

*

చెల్లీ,

ఇది మూడో కాగితం. మొదటి రెండూ చింపేశాను. మీ వదిన మూడోది చింపితే చేతులు విరగ్గొడతానంది, ఎలాగూ పని చేయడం లేదు కదా అన్నాను. చాన్నాళ్లకి ఇద్దరం నవ్వుకున్నాం.

రేడియో నోరు మూయడు. చేతులు మాత్రం బంగారం. గుట్ట తరుగుతోంది. నిన్న ఒకేసారి నాలుగు కుర్చీలు బయటికి వెళ్లాయి.

నీ సైకిలు సంగతి రాశావట. అది ఇంకా షాపులోనే ఉంది, పారేయలేదు. నువ్వు వచ్చినప్పుడు రేడియో బాగుచేస్తాడు. నేను పక్కన నిలబడి తిడుతూ ఉంటాను.

తొందరగా రా.

అన్నయ్య