కరగని సంచులు

జూన్ 9, 1994. కరీంనగర్.
మట్టిలో కలవడానికే చేసే వస్తువును ఎంత గట్టిగా చేయాలి? ఎమ్మెస్సీ నాటి ప్రశ్న. నాకిప్పుడు నలభై ఆరేళ్లొచ్చాయి. థీసిస్ బైండింగుకు పోవాలి. మక్కపిండి గంజి, పత్తికట్టె పీచు — ఇవి మాత్రమే ఉన్న మొక్కల సంచులు మట్టిలో రెండు నెలలకే చీకిపోయాయి. సున్నపురాయి పొడి కలిపినవి ఆరు నెలలైనా చిరగలేదు. అది రాయిపొడి బలమని రాశాను. నమ్మాను కూడా.

జూన్ 17. లక్సెట్టిపేట నర్సరీ.
నిరుడు వానల్లో రాయిపొడి సంచులతో సహా పాతిన టేకు మొక్కలు... ఎండుతున్నాయి. నర్సరీలో పనిచేసే లచ్చవ్వ ఒకటి తవ్వి చేతికిచ్చింది. "కరగనే లే మేడం. ఏర్లు లోపట్నే సుట్టుకున్నయి. కరుగుతదని మీరే అంటిరి గదా." బ్లేడుతో కోశాను. అంచున పచ్చనీలం మరక. "మల్ల ఏడు గివే సంచులా?" అంది. కోసిన ముక్కను కాగితంలో చుట్టుకున్నాను.

జూన్ 18.
ఆ రంగు... ఎక్కడో చూశాను. చిన్నప్పుడే.

జూన్ 20. హుస్నాబాద్. అన్న మగ్గాల షెడ్డు.
పొడి లేని సంచులకు గంజి నేనే ల్యాబులో వండాను. పొడి కలిపే వాటికి చాలా కావాలని ఇక్కడ అన్నతో వండించాను. పొయ్యి పక్కన మైలుతుత్తం డబ్బా — కాపర్ సల్ఫేట్, అదే పచ్చనీలం. అడిగాను.
"ఎయ్యకుంటె బూజు పట్టదా? నూలు గంజిల బాపు ఏసిన లెక్కనే ఏసిన. నేతోళ్ల బిడ్డవు, గిది గూడ మరిస్తివా చెల్లె?"
షెడ్డులో అందరూ అన్నను 'సైంటిస్టు రాజన్న' అంటున్నారట. "నా పేరు పుస్తకంల ఎక్కిచ్చినవా?"
ఎక్కించాను. కృతజ్ఞతల పేజీలో.
సంచిని మట్టిలో తినాల్సింది ఆ బూజే. తుత్తం దాన్ని చంపింది. రాయిపొడి చేసిందేమిటో నాకు తెలియదు. ఏమీ తెలియదు.

జూన్ 23.
గైడ్ సారుకు ఫోన్. "సబ్మిషన్ వచ్చే నెలనే గదమ్మా. ఇగ ఏం కెలుకకు. నేను రిటైరైతే నిన్నెవరు చూస్తరు?" తుత్తం మాట నోటిదాకా వచ్చింది. ఫోన్ పెట్టేశాను.

జూన్ 24.
వాన. ఆ మొక్కలకిక దేనికి.

జూన్ 26.
జైనూరు గుట్టల మీదికి కూడా ఇవే సంచులు కావాలట — నర్సరీ నుంచి ఉత్తరం. థీసిస్ ముందుంది. మళ్లీ మొదటి నుంచి చేసే ఓపిక లేదు. చేయకుండా ఉండే ధైర్యమూ లేదు. అన్నకు ఏమని చెప్పాలి — నువ్వు శ్రద్ధగా వండావు కాబట్టే పాడైందనా?
ముందు అన్న పేరు కొట్టేయాలా, ఫలితాల అధ్యాయమా... తేల్చుకోలేకపోతున్నాను. అసలు కొట్టేస్తానో లేదో కూడా.